నాన్నకు చెవినైన వానాకాలం

ఆ ఏడు నేనూ వానలూ ఒకే వారంలో ఇంటికి చేరాం. వానలు వచ్చీ రాగానే వాటి పని మొదలుపెట్టాయి. నాకు మాత్రం చెయ్యడానికి ఏ పనీ లేదు.

తత్వశాస్త్రంలో ఒక డిగ్రీ, దాని మీద ఇంకో డిగ్రీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అయిదేళ్లు హాస్టల్లో ఉండి, ట్రంకుపెట్టె నిండా పుస్తకాలతో, నల్ల అట్ట నోటుబుక్కు ఒకదానితో దిగాను. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టాను. జవాబులు వచ్చేలోగా ఒక మంచి వ్యాసం రాయాలని, బతుకు గురించి నిజంగా తెలిసినవాళ్లని అడిగి నాలుగు మాటలు పోగుచెయ్యాలని నా కోరిక. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. జ్ఞానం అనేది ఎవరి దగ్గరో మూటగట్టి ఉంటుందనీ, మర్యాదగా అడిగితే విప్పి చూపిస్తారనీ నమ్మే వయసు.

మా ఇంట్లో వీధివైపు గది నాన్న రాగిపని కొట్టు. దాని వెనక రెండు గదులు, ఆ వెనక కొలిమి ఉన్న రేకుల వసారా. నాన్న రాగి రేకుని సుత్తితో కొట్టి గిన్నెలూ కెటిళ్లూ కాగులూ చేస్తాడు. పొద్దున ఎనిమిదింటికి మొదలైన చప్పుడు సాయంత్రం ఆరింటికి ఆగేది. ఆ చప్పుడులోనే నేను ఎక్కాలు బట్టీపట్టాను. ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. ఆయన్ని బాబాయి అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ముప్పయ్యేళ్లుగా నాన్నా ఆయనా ఎదురుబొదురు కూర్చోవడమే చుట్టరికం.

"ఏం డిగ్రీ, వచ్చేశావా?" అన్నాడు నన్ను చూడగానే. ఆ పేరు నేను కాలేజీలో చేరిన రోజునే పెట్టాడు. "జాగ్రత్తమ్మోయ్, నా కొట్లోకి మాత్రం రాకు. నీ మాటలు వింటే మా తాళాలు కూడా మేమెందుకు తెరుచుకోవాలి అని ఎదురు ప్రశ్న వేస్తాయి."

మూడో రోజు నాన్న ఒక గిన్నె అంచుని గుడ్డతో రుద్దుతూ ఉంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. సుత్తి చప్పుడు లేని సమయం కావాలనే చూసుకున్నాను. ఒళ్లో నోటుబుక్కు తెరిచి పెట్టుకుని, "నాన్నా, ఇన్నేళ్ల పనిలో బతుకు గురించి నీకు అర్థమైందేంటి?" అని అడిగాను.

నాన్న తల ఎత్తలేదు. అంచు మీద ఊదాడు. మళ్లీ రుద్దాడు. గిన్నెని వెలుగుకేసి తిప్పి చూశాడు. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే, "బొగ్గులు తడుస్తున్నాయి, లోపల పెట్టాలి" అని లేచి వెళ్లాడు.

నాకు ఒళ్లు జలదరించింది. నేను చదివిన గురువులందరూ శిష్యులకి ఇలాగే జవాబు చెప్పారు. నోటుబుక్కులో రాసుకున్నాను: పెద్ద ప్రశ్న అడిగితే, తడిసిపోతున్న బొగ్గుల్ని చూపించాడు.

ఆ తర్వాత ఇంకా చాలా అడిగాను. మంచి పని అంటే ఏంటి? ఓపిక ఎలా వస్తుంది? చేసిన వస్తువు చేతిలోంచి వెళ్లిపోతుంటే బాధగా ఉండదా? కొన్నిటికి నాన్న అసలు పలకలేదు. కొన్నిటికి చిన్నగా నవ్వి తల ఊపాడు. నేను ఆ నవ్వునీ, ఆ తల ఊపునీ కూడా తేదీలు వేసి రాసుకున్నాను.

అమ్మే అడ్డం అనిపించేది. కొట్లోకి ఎవరొచ్చినా చేతిలో పని వదిలేసి వచ్చి, నాన్నకీ వచ్చినవాళ్లకీ మధ్య నిలబడేది. వాళ్లన్న మాటనే మళ్లీ నాన్న మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పేది.

రంగుల కార్ఖానా మేనేజరు వచ్చిన రోజు కూడా అంతే. ఆయన గొడుగు మడిచి తలుపు పక్కన ఆనించి, "మేస్త్రీ, రంగు మరిగించడానికి మూడు పెద్ద కాగులు కావాలి. మొదటిది ఈ వానలు వెళ్లేలోగా చెయ్యి. అది బాగుంటే మిగతా రెండూ నీకే, ఏడాది పొడుగునా మా కాగుల మరమ్మతు కూడా నీకే. అడుగు మందం ఎంత పెడతావ్?" అన్నాడు.

"అడుగు మందం ఎంత పెడతావని అడుగుతున్నారు, మేనేజరుగారు! అడుగు మందం!" అంది అమ్మ, రెండు వేళ్ల మధ్య మందం చూపిస్తూ.

నాన్న మూలనున్న ఒక రేకు తీసి చూపించాడు. మేనేజరు అమ్మని, నాన్నని మార్చి మార్చి చూసి నవ్వుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన వెళ్లాక అమ్మని నిలదీశాను. "నాన్న చిన్నపిల్లాడా? ఆయన మాట ఆయన్ని మాట్లాడనివ్వవేం?"

"నీకు తెలీదులేవే. నీ నోట్సు నువ్వు రాసుకో."

"తెలీకపోవడానికేముంది? నువ్వు ఊపిరి తీసుకుంటే కదా ఆయన నోరు తెరిచేది."

అమ్మ ఏదో అనబోయి ఆగింది. "ఈ మూడు కాగులు చేతికొస్తే ఈ కొట్టు నిలబడుతుంది" అంది. "ఇప్పుడు రాగి సామాను ఎవరు కొంటున్నారు, అందరూ స్టీలే. ఇది పోతే మీ నాన్న ఈ సుత్తులన్నీ మూటగట్టి అటకెక్కించడమే. అది మాత్రం గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోలేదు. ఆ వారమే వ్యాసం పూర్తిచేసి ఒక పత్రికకి పంపాను. మాటలతో పని లేకుండా బతికిన ఒక పనివాడి గురించి రాశాను. అందులో ఒక వాక్యం నాకు తెగ నచ్చింది: మా ఇంట్లో మాటలన్నీ అమ్మవి, అర్థమంతా నాన్నది.

*

పత్రిక వచ్చిన రోజు పెద్ద వాన. పోస్టుమాన్ దాన్ని బాబాయి కొట్లో ఇచ్చి వెళ్లాడు. బాబాయి దాన్ని చొక్కాలో దాచుకుని రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, నువ్వు పుస్తకాలకెక్కావు! వినండర్రా అందరూ" అని కొట్టు మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని మొత్తం చదివాడు. చదవడం ఆయనకి అంత అలవాటు లేదు. పెద్ద మాట వచ్చినప్పుడల్లా తాళంలో చెవి ఇరుక్కున్నట్టు ఆగి, అటూ ఇటూ తిప్పి, ముందుకి వెళ్లేవాడు. అమ్మ గది గుమ్మంలో నిలబడి వింటోంది. నాన్న బాబాయి మొహం చూస్తూ నవ్వుతున్నాడు.

నా వాక్యం దగ్గరికి వచ్చేసరికి బాబాయి పడీపడీ నవ్వాడు. "మాటలన్నీ అమ్మవి! వదినా, దొరికిపోయావు! అచ్చులో పడింది, ఇంక చెరగదు."

అమ్మ కూడా నవ్వింది. "బాగుంది. బాగానే రాసింది" అంది. లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఒకామె కెటిలు పట్టుకొచ్చింది. "మూత బాగా బిగుతుగా ఉంది, కాస్త వదులు చెయ్యండి. సాయంత్రం వస్తాను" అంది. అమ్మ లోపల్నించి రాలేదు. నాన్న తల ఊపి కెటిలు తీసుకున్నాడు. సాయంత్రానికి దాన్ని అద్దంలా తోమి పెట్టాడు. ఆమె వచ్చి మూత లాగింది. రాలేదు.

"నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి? మధ్యాహ్నం వినే కదా తల ఊపారు?"

నాన్న ఆమెని చూశాడు, కెటిల్ని చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. అక్కడ అమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అలా ఎంతసేపో ఉండలేకపోయింది. వచ్చి, ఆమె చేతిలోంచి కెటిలు తీసుకుని, మూత మీద వేలు పెట్టి నాన్న మొహంలోకి చూస్తూ, "వదులు చెయ్యాలట" అంది. గట్టిగా కాదు. పెదాలు మాత్రం బాగా కదిలించింది.

నేను పీట మీదే ఉన్నాను. ఒళ్లో నోటుబుక్కు ఉంది.

నాన్న పత్రికని రెండు రోజులు చదివాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వాక్యం కింద వేలు జరుపుతూ, రోజుకో పేజీ. మూడో రోజు పొద్దున నన్ను వసారాలోకి పిలిచాడు. రేకుల మీద వాన దంచుతోంది. నాన్న కొత్త కాగు అడుగు పక్కన కూర్చుని, నన్ను ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేలా కూర్చోబెట్టాడు.

"చాలా బాగా రాశావమ్మా. నేను ఇంత గొప్పవాణ్ణా అనిపించింది." పక్కనున్న పత్రిక విప్పాడు. "కానీ నువ్వు నన్నేవో అడిగావని రాశావు ఇందులో. ఎప్పుడడిగావు?"

బొగ్గుల సంగతి రాసిన చోట వేలు పెట్టి చూపించాను.

"నాకు వినపడలేదు తల్లీ" అన్నాడు, అదేదో తన పొరపాటన్నట్టు. "నాలుగేళ్లయింది. కొద్దికొద్దిగా పోయాయి. ముందు మీ అమ్మ గొంతు వినపడ్డం మానేసింది. దానికి నేనేం బాధపడలేదులే." నవ్వి, ఆ మాట అమ్మకి వినపడిందేమోనని గుమ్మం వైపు చూశాడు. "తర్వాత అన్నీ పోయాయి. నీకు తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తావని మీ అమ్మ చెప్పనివ్వలేదు. సెలవులకి నువ్వు వచ్చిన నాలుగు రోజులూ తనే పక్కనుండి నెట్టుకొచ్చింది. ఇప్పుడు వాన పడుతోందా?"

"పడుతోంది నాన్నా." తల కూడా ఊపాను.

"చొక్కా తడిస్తే గానీ తెలీదు నాకు."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు. నోటుబుక్కులోని తేదీలన్నీ కళ్లముందు తిరిగాయి. సిగ్గేసింది, అంతే.

*

నాన్న నన్ను పిలిచింది ఇది చెప్పడానికి మాత్రమే కాదు.

రాగిని కొడుతున్న కొద్దీ అది గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నంతసేపూ సుత్తి పడితే బరువుగా, మొద్దుగా మోగుతుంది. గట్టిపడేకొద్దీ చప్పుడు సన్నబడి, పదునెక్కి, చివరికి గంటలా మోగడం మొదలుపెడుతుంది. అలా మోగిందంటే ఇంక ఒక్క దెబ్బ కూడా వెయ్యకూడదు. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచాలి. అప్పుడది మళ్లీ మెత్తబడుతుంది. ఆ చప్పుడు తప్పిపోయి ఇంకో నాలుగు దెబ్బలు పడితే, చీలుతుంది. ఈ పనిలో చెయ్యి కొట్టేది సగమే, మిగతా సగం చెవి పని.

"గిన్నెలూ కెటిళ్లూ అయితే అరచేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది నాకు" అన్నాడు నాన్న. "కాగు అలా కాదు. పెద్దది, మోసం చేస్తుంది. చెవి కావాలి. బయటి మనిషిని పెట్టుకుంటే పొద్దుటికల్లా ఊరంతా తెలుస్తుంది. చెవులు పోయినవాడికి కాగులు ఎవరిస్తారు?"

అలా నేను నాన్నకి చెవినయ్యాను.

రోజూ ఎనిమిదింటికి ఎదురుగా కూర్చునేదాన్ని. నాన్న కొట్టేవాడు. చప్పుడు పదునెక్కగానే నేను కుడిచెయ్యి ఎత్తాలి. మొదట్లో భయంకొద్దీ ప్రతిదానికీ ఎత్తేసేదాన్ని. నాన్న సుత్తి ఆపి, అరచేత్తో రాగిని తడిమి, కాదన్నట్టు తల ఊపి మళ్లీ మొదలుపెట్టేవాడు. వారానికి నాకు తేడా తెలిసింది. రెండు వారాలకి, మారబోయే ముందు ఒకటి రెండు దెబ్బల్లో చప్పుడు కొంచెం వణుకుతుందని కూడా తెలిసింది. అది చెప్తే నాన్న కళ్లు పెద్దవి చేసి, "అది నాకు పదేళ్లకి తెలిసింది" అన్నాడు.

డిగ్రీ పట్టా తెచ్చి చూపించిన రోజున కూడా నాన్న నన్ను అలా చూడలేదు.

మాటలు లేవు. మాట్లాడాలంటే నాన్న పని ఆపి నా మొహం చూడాలి. అందుకని గంటలు గంటలు ఇద్దరం ఒకే రాగి ముందు కూర్చుని, ఎవరి లోకంలో వాళ్లు ఉండేవాళ్లం. ఆయన లోకంలో చప్పుడు లేదు. నాకు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాన ఎక్కువైతే నేను ముందుకి వంగి చెవి రాగికి దగ్గరగా పెట్టేదాన్ని. నాన్న తల ఎత్తి నా చేతినే చూస్తూ కొట్టేవాడు. ఆ చూపులో ఉన్న నమ్మకం గురించి అప్పుడు నేను ఆలోచించలేదు. అదేమిటో రాయడం గురించి ఆలోచించాను.

ఎందుకంటే పత్రిక సంపాదకుడు ఉత్తరం రాశాడు. మీ నాన్నగారి గురించిన వ్యాసం పాఠకులకు బాగా నచ్చింది, ఇంకొకటి పంపండి అని. రాయకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుంటూనే కూర్చున్నచోట వాక్యాలు కట్టడం మొదలైంది. సుత్తి, రాగి, ఎత్తిన చెయ్యి. మొదటి వ్యాసం తప్పు, ఇది ఒప్పు అవుతుంది. ఇందులో అమ్మ గురించి కూడా న్యాయంగా రాస్తాను. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కాగు పూర్తి కావడానికి ఇంకో వారం ఉందనగా, ఒక పొద్దున వాన తెరిపిచ్చింది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. నాన్న అంచు దగ్గర కొడుతున్నాడు. చప్పుడు వణికింది. నాకు స్పష్టంగా వినిపించింది. ఆ వణుకుని ఏమని రాయాలి? గంట అనకూడదు, అది అందరూ అనే మాట. చప్పుడు పదునెక్కింది. దానికి సరిపోయే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే దొరుకుతుంది.

దొరికింది.

అప్పుడే వేరే చప్పుడు వచ్చింది. గుడ్డ చింపినట్టు, పొట్టిగా. నాన్న సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఆయనకి ఆ చప్పుడు వినపడలేదు, చేతికి తెలిసింది. అంచు నుంచి కిందికి జానెడు పొడుగున కాగు చీలి ఉంది.

నాన్న చీలిక మీద గోరు పెట్టి పైనుంచి కింది దాకా జరిపాడు. తర్వాత నన్ను చూశాడు. కోపం లేదు. "వినపడలేదా? వాన చప్పుడా?" అన్నాడు.

వాన లేదు. అది నాన్నకి తెలీదు. అవునని తల ఊపితే అక్కడితో అయిపోయేది.

"విన్నాను" అన్నాను.

నా పెదాలు వణుకుతున్నాయేమో, నాన్నకి అందలేదు. "ఏంటమ్మా?"

"విన్నాను నాన్నా."

"సరిగ్గా చెప్పు."

"విన్నాను! వినీ చెయ్యెత్తలేదు! నీకు వినపడదని తెలిసి కూడా, నేను ఇక్కడ కూర్చుని పరధ్యానంగా ఉన్నాను! నా తప్పు!"

తప్పు ఒప్పుకునేటప్పుడు ఎవరైనా గొంతు తగ్గిస్తారు. నాకు ఆ వీలు లేకపోయింది. మూడోసారి అరిచింది నాన్నకి చేరింది. వరసగా తెరిచి ఉన్న తలుపుల్లోంచి వీధికి కూడా చేరింది. ఎదురుగా బాబాయి ఆకురాయి గీస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆయన కొట్లో నిలబడ్డ ఇద్దరు మనుషులు ఇటు తిరిగి చూశారు. అమ్మ గదిలోంచి పరిగెత్తుకెళ్లి వీధి తలుపు వేసింది, కానీ వేసేసరికే ఆలస్యమైపోయింది.

నాన్న అమ్మని చూడలేదు. వీధినీ చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఏం ఆలోచిస్తున్నావు?"

"ఆ చప్పుడుని ఏమని రాయాలా అని."

"దొరికిందా?"

వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. నేను తల ఊపాను.

"సరే" అని, చీలిక వైపు తిరిగాడు.

*

మర్నాడు పొద్దున్నే బాబాయి చిన్న డ్రిల్లు పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలా వీధిలోంచి కేకెయ్యలేదు. సరాసరి నాన్న ముందుకి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పెద్దగా నోరు తెరుస్తూ, "అన్నా, నాలుగేళ్లుగా పిలిస్తే పలకవు. పొగరెక్కిందనుకున్నాను" అన్నాడు. "ఒకసారి మా ఆవిడతో కూడా అన్నాను, ఆ మనిషి మారిపోయాడే అని."

"ఇంత నోరు తెరవక్కర్లేదురా. పళ్లు లెక్కపెట్టనా?" అన్నాడు నాన్న.

బాబాయి నవ్వబోయి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చీలిక చివర సన్నని బెజ్జం వేస్తే అది ఇంక ముందుకి పాకదు. బాబాయి డ్రిల్లుతో నాన్న ఆ బెజ్జం వేశాడు. లోపలి వైపు రాగి ముక్క పెట్టి, అతుక్కోవడానికి వెలిగారం చల్లి, కొలిమి వేడి మీద మాటు వేశాడు. మిగతా వారం నేను చెవిగానే కూర్చున్నాను. నాన్న నన్ను మాన్పించలేదు. నోటుబుక్కు ట్రంకుపెట్టెలో ఉంది. రెండో వ్యాసం రాయలేను అని సంపాదకుడికి కార్డు రాశాను. అమ్మకి మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. ఒక సాయంత్రం బొగ్గుల బుట్ట అవతలి కొసన పట్టుకుని, "అమ్మా, అచ్చులో పడింది చెరగదట కదా" అన్నాను. "చెరక్కపోతే పోనీ, ఎవరు చదువుతారే దాన్ని" అంది అమ్మ. బుట్ట బరువు కొంచెం తన వైపుకి లాక్కుంది.

మేనేజరు వచ్చేసరికి కాగు నిండా నీళ్లు పోసి పొద్దుట్నించీ ఉంచాం. మాటు దగ్గర చెమ్మ కూడా లేదు. ఆయన మెరుపు చూసి తృప్తిగా చుట్టూ తిరిగాడు. అమ్మ అలవాటుగా ముందుకి రాబోయింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబుగారూ, నా మొహం చూసి మాట్లాడండి. నాకు చెవులు పోయాయి."

"తెలుసు మేస్త్రీ" అన్నాడు మేనేజరు, నేల చూస్తూ. తర్వాత గుర్తొచ్చి, తలెత్తి మళ్లీ అన్నాడు. "విన్నాను. ఊళ్లో అనుకుంటున్నారు."

"ఇదిగో ఇక్కడ చీలింది." నాన్న ఆయన చెయ్యి పట్టుకుని కాగు లోపలికి వంచి, నీళ్లలో ఉన్న మాటు మీద ఆయన వేళ్లు పెట్టించాడు. "పైనుంచి చూస్తే మీకు కనపడదు. అందుకని చెప్తున్నాను. కారదు. నా తర్వాత కూడా కారదు."

మేనేజరు తడిచేతిని చాలాసేపు తుడుచుకున్నాడు. మంచిమనిషే. "కాగు తీసుకెళ్తాను. పని బాగుంది" అన్నాడు. "మిగతా రెండూ... మా పెద్దాయనతో మాట్లాడి కబురు చేస్తాను."

నాన్న ఆయన పెదాల నుంచి కళ్లు తిప్పలేదు. కబురు రాదని మా ముగ్గురిలో ముందు అర్థమైంది నాన్నకే. "అలాగే బాబూ. వీధి జారుగా ఉంది, బండివాణ్ణి మెల్లగా తోలమనండి" అన్నాడు.

కబురు రాలేదు. మళ్లీ ఎవరూ కాగు చెయ్యమని అడగలేదు. గిన్నెలూ మాట్లూ చేసుకుంటూ నాన్న ఆ కొట్టుని ఇంకో మూడేళ్లు తెరిచి ఉంచాడు. నేను పక్క వీధిలోని బడిలో టీచరుగా చేరాను, అక్కణ్నుంచి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లాను. జీతం తెచ్చేది నేనయ్యాను.

కాగు వెళ్లిపోయిన మర్నాటి పొద్దు గురించి మాత్రం చెప్పాలి. వసారా ఇంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు. చెయ్యడానికి పని లేదు. అయినా ఎనిమిదింటికి నాన్న వచ్చి తన చోట కూర్చున్నాడు. నేనూ వెళ్లి నా చోట కూర్చున్నాను. వీధి చివర వాన మళ్లీ మొదలవుతోంది.

నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు.

ముందు బొగ్గులవాడి గురించి చెప్పాడు. వాడు తడిబొగ్గులు అడుగున పెట్టి పొడివి పైన పేరుస్తాడట. తర్వాత బాబాయి ముక్కు గురించి. తర్వాత తను పని నేర్చుకునే రోజుల్లో ఒక కెటిలుకి ముక్కు తలకిందులుగా అతికించి, గురువుకి కనపడకుండా మూడు రోజులు చొక్కా కింద దాచిన సంగతి. ఒక జోకు మొదలుపెట్టి చివర మర్చిపోయి తనే నవ్వాడు. నాలుగేళ్లు ఎక్కడ తప్పు జవాబు చెప్తానో అని నోరు కట్టుకుని కూర్చున్న మనిషి. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు. అందులో నోటుబుక్కుకెక్కే మాట ఒక్కటీ లేదు. అన్నీ మామూలు మాటలే. ఇన్నాళ్లూ వాటిని ఎవరెవరితో చెప్పాలనుకుని మానేశాడో.

ఉన్నట్టుండి నాన్న ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు. చెప్పనా, మాననా అన్నట్టుంది ఆ చూపు.

అప్పుడు తెలిసింది నాకు. నేను ఇందాకట్నించీ ఊ కొడుతున్నాను. ఆయనకి ఎలా వినపడుతుంది?

కొంచెం ముందుకి జరిగి, ఆయనకి బాగా కనపడేలా తల ఊపాను.

నాన్న మళ్లీ మొదలుపెట్టాడు.